చుక్కాని లేని పడవకు రెక్కల ఆసరా
జెట్ బోటులో జోరు తగ్గిస్తే మలుపు తిరగదు

ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే బండి నడిపే మనిషి మొట్టమొదట చేసే పని యాక్సిలరేటర్ వదిలివేయడం. రోడ్డు మీద ఈ అలవాటు ప్రాణాలు కాపాడుతుంది. జెట్ బోటులో మాత్రం ఇదే అలవాటు ప్రమాదాన్ని కొనితెస్తుంది. ఇంజను జోరు తగ్గించిన మరుక్షణం ఆ పడవ స్టీరింగు మాట వినడం మానేస్తుంది. చక్రం ఎంత తిప్పినా ముక్కు తిరగదు. అప్పటిదాకా ఉన్న ఊపుతో తిన్నగా ముందుకే పోతుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే పడవ ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. నడిపే మనిషి కంగారుపడే రెండు మూడు సెకన్లలోనే ఈదేవాడి మీదికో, పక్క పడవ మీదికో దూసుకుపోవచ్చు. ఈ లోపాన్ని కొంతైనా సరిదిద్దడానికి పడవ వెనుక రెండు చిన్న రెక్కలు బిగించుకునే పద్ధతి అమెరికాలో జెట్ బోట్ల యజమానుల్లో బాగా వాడుకలో ఉంది. చూడడానికి చిన్న పనే అయినా దాని వెనుక ఉన్న సూత్రం తెలుసుకోదగినది.

లాంచీకి, జెట్‌కు తేడా

గోదావరి మీద తిరిగే లాంచీకి అడుగున పంకా ఉంటుంది, దాని వెనుక చుక్కాని ఉంటుంది. ఇంజను ఆగిపోయినా లాంచీ కదులుతున్నంతసేపు నీరు చుక్కాని పలకను ఒరుసుకుంటూ పోతుంది. సరంగు దాన్ని పక్కకు తిప్పితే నీటి తాకిడికి లాంచీ తిరుగుతుంది. తెప్ప మీద వేటకు పోయే మత్స్యకారుడికి తెడ్డే చుక్కాని. మోటారు కట్టిన ఫైబర్ పడవలో మోటారు కాలు నీటిలోనే దిగి ఉంటుంది గనుక ఇంజను మందగించినా అది కొంతవరకు చుక్కాని పని చేస్తుంది.

జెట్ బోటులో ఇవేవీ లేవు. పడవ అడుగున జల్లెడ బిగించిన రంధ్రం ఉంటుంది. ఆ దారిన నీటిని లోపలికి లాగే పంపు, వెనుకనున్న సన్నని గొట్టం గుండా దాన్ని జోరుగా బయటికి చిమ్ముతుంది. నీరు వెనక్కు పోతే పడవ ముందుకు పోతుంది. గాలి నింపిన బుడగను వదిలితే ఎగిరిపోయే సూత్రమే ఇది. గొట్టం చివర ఉన్న మూతి కుడి ఎడమలకు తిరుగుతుంది. చక్రం తిప్పితే మూతి తిరుగుతుంది, నీటిధార దిశ మారుతుంది, దానితో పడవ దిశ మారుతుంది.

అంటే పడవను తిప్పేది నీటిధారే. జోరు తగ్గిస్తే ధార సన్నబడుతుంది. ధార లేకపోతే తిప్పే శక్తీ లేదు. ఇది యంత్రం చెడిపోవడం వల్ల వచ్చే తంటా కాదు, ఆ యంత్రం తీరే అంత.

రేవులో మెల్లగా నడిపేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. సన్నని ధారతో పడవ ముక్కు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు జారుతూ ఉంటుంది. సరిదిద్దబోయిన కొద్దీ పాము నడకే అవుతుంది. పక్క పడవలకు ఒరుసుకోకుండా ఒడ్డు చేర్చడం కొత్తవారికి కత్తిమీద సామే.

లోతులేని నదుల కోసం పుట్టింది

ఇంత ఇబ్బంది ఉన్న పడవను ఎందుకు కనిపెట్టారన్న సందేహం రావచ్చు. న్యూజిలాండ్‌లో ఐరిష్‌మన్ క్రీక్ అనే గొర్రెల క్షేత్రానికి యజమాని, ఇంజనీరు అయిన విలియం హామిల్టన్ 1950 దశకంలో దీనిని వాడుకకు తెచ్చాడు. అక్కడి కొండ నదుల్లో రాళ్లెక్కువ, లోతు తక్కువ. పంకా ఉన్న పడవ నాలుగు గజాలు పోకముందే రాతికి తగిలి ముక్కలయ్యేది. అమెరికాలో అప్పటికే ఉన్న నీటిధార పద్ధతిని హామిల్టన్ తీసుకుని, ధార వెలువడే మూతిని నీటిమట్టానికి పైకి మార్చి మెరుగుపరిచాడు. అడుగున వేలాడేది ఏదీ లేకపోవడమే ఈ పడవ గొప్పతనం. 1960లో ఈ పడవలు అమెరికాలోని కొలరాడో నదిలో గ్రాండ్ కాన్యన్ మీదుగా ప్రవాహానికి ఎదురెక్కాయి. 1977లో ఎవరెస్టు వీరుడు సర్ ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లతో గంగాసాగర్ నుంచి గంగానదిలో ఎదురెక్కి, నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డుపడేదాకా వెళ్లాడు.

విశాఖవాసులకూ ఈ పద్ధతి కొత్త కాదు. 2016లో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన గస్తీ నౌక ‘తిహాయు’ నడిచేది నీటిధారల బలంతోనే. రుషికొండ తీరానికి వచ్చే పర్యాటకులకు పరిచయమైన వాటర్ స్కూటర్ కూడా ఈ జాతిదే. నౌకను నడిపేది ఏళ్ల తరబడి శిక్షణ పొందిన సిబ్బంది. స్కూటర్ ఎక్కేవారిలో జీవితంలో మొదటిసారి దాన్ని ముట్టుకున్నవారు ఉంటారు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1998లో వాటర్ స్కూటర్ల భద్రతపై వెలువరించిన అధ్యయనంలో ఈ సమస్య ప్రస్తావనకు వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో తయారీదారులు రకరకాల ఉపాయాలు పన్నారు. కొందరు జోరు తగ్గినప్పుడు పక్కల నుంచి నీటిలోకి దిగే చిన్న చుక్కానులు పెట్టారు. మరికొందరు హ్యాండిల్ బాగా తిప్పి ఉండగా యాక్సిలరేటర్ వదిలితే ఇంజను తనంతట తానే కొద్దిసేపు ధార చిమ్మే ఏర్పాటు చేశారు.

రెక్కలు చేసే పని

ఏ ఏర్పాటూ లేని పాత జెట్ బోట్ల యజమానులు ఆశ్రయించేది రెక్కలనే. నీటిధార వెలువడే మూతికి రెండు పక్కలా నిలువుగా రెండు పలకలు బిగిస్తారు. మూతి ఎటు తిరిగితే ఇవీ అటు తిరుగుతాయి. ధార ఉన్నా లేకపోయినా, పడవ కదులుతున్నంతసేపు పక్కనుంచి పోయే నీరు ఈ పలకలను నెడుతుంది. లాంచీ చుక్కాని సూత్రమే తిరిగి జెట్ బోటుకు వచ్చి చేరిందన్నమాట.

కొన్ని పడవలకు కంపెనీవారే చిన్న రెక్కలు ఇస్తారు. వాటిని తీసి ఇంకా లోతుకు దిగే పెద్ద రెక్కలు పెట్టుకుంటే రేవులో పాము నడక తగ్గి, పడవ గీత గీసినట్లు పోతుంది. ప్లాస్టిక్, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు రెక్కలు వాడుకలో ఉన్నాయి. రాయో దుంగో తగిలితే పైకి మడుచుకుని, స్ప్రింగు బలంతో మళ్లీ కిందికి దిగే రకాలూ ఉన్నాయి.

బిగించేముందు చూడవలసినవి

రెక్క ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. అడుగున ఏమీ వేలాడకపోవడం జెట్ బోటు గొప్పతనమైతే, లోతుగా దిగిన రెక్క ఆ గొప్పతనాన్నే తీసివేస్తుంది. ఇసుక మేటలున్న నదిలో గట్టి స్టీలు రెక్క నేలకు తగిలితే రెక్కకు ఏమీ కాదు, దాన్ని మోసే మూతి పగులుతుంది. రెక్క ధర కంటే మూతి ధర ఎన్నో రెట్లు.

వెనక్కు నడపడానికి ధారకు అడ్డంగా దిగే దొప్ప ఒకటి ఉంటుంది. రెక్క దానికి తగలకూడదు. అందుచేత పడవ ఒడ్డున ఉండగానే, ఇంజను ఆపి, చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. దొప్పను పైకి, కిందికి ఆడించి చూడాలి. పడవను మోసే ట్రైలరు దూలాలకు రెక్క అడ్డం వస్తుందేమో కూడా గమనించాలి. పెద్ద రెక్కతో స్టీరింగు తీగ మీద బరువు పెరుగుతుంది. అరిగిన తీగను ముందుగా మార్చుకోవడం మేలు.

సముద్రంలో నడిపేవారు ఇంకో సంగతి మరువరాదు. అల్యూమినియం మూతికి స్టీలు బోల్టులు బిగించి ఉప్పునీటిలో దింపితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. బోల్టులకు తుప్పు పట్టకుండా కాపాడే మందు పూయాలి. వాడిన ప్రతిసారీ మంచినీటితో కడగాలి. కుదుపులకు బోల్టులు వదులవుతాయి గనుక తరచు బిగువు చూసుకోవాలి.

బ్రేకులు కావు

రెక్కలు ఎంత మంచివైనా వాటికీ హద్దు ఉంది. నీటి తాకిడి వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే తాకిడి నాలుగో వంతుకు పడిపోతుంది. మెల్లగా పోయే పడవకు రెక్కలు దారి తప్పనివ్వవు గాని, గిరుక్కున తిప్పలేవు. జోరుగా పోయేటప్పుడు చాలా పడవల్లో రెక్కలు నీటికి పైనే ఉంటాయి. జోరు తగ్గి, పడవ వెనుకభాగం నీటిలోకి దిగిన తర్వాతనే అవి పని ప్రారంభిస్తాయి. సరిగ్గా ఆ మధ్య క్షణాలే ప్రమాదకరమైనవి.

కాబట్టి రెక్కలున్నా లేకున్నా జెట్ బోటు నడిపేవారు నేర్చుకోవలసిన సూత్రం ఒక్కటే. అడ్డం వస్తే జోరు పూర్తిగా వదలరాదు. చక్రం తిప్పుతూ కొంత జోరు ఇవ్వాలి. పడవ పక్కకు తిరిగిన తర్వాతనే జోరు తగ్గించాలి. రోడ్డు అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం గనుక చెప్పినంత మాత్రాన రాదు, చేతికి అలవాటు కావాలి. జనం లేని చోట నీటిమీద తేలే ఖాళీ డబ్బా ఒకటి వేసి, దాని చుట్టూ పదిసార్లు తిప్పి చూస్తే తమ పడవ ఎంత దూరంలో తిరుగుతుందో, జోరు వదిలితే ఎంత దూరం తిన్నగా పోతుందో తెలిసిపోతుంది.

తీరంలో వాటర్ స్కూటర్లు అద్దెకు ఇచ్చేవారు లైఫ్ జాకెట్ తొడిగించడంతో సరిపెట్టకుండా, యాక్సిలరేటర్ వదిలితే బండి తిరగదన్న ఈ ఒక్క మాట కూడా చెప్పి పంపడం ఎంతైనా అవసరం. దానికి పైసా ఖర్చు లేదు.