రాష్ట్రేతరాంధ్ర బాలుర తెలుగు వాక్యరచన

హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము మొదలగు తావులలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు ఇంట తెలుగు ధారాళముగా మాటలాడుదురు. ఆ పిల్లలకే కలమిచ్చి అమ్మమ్మకు నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయుమన్నచో తడబడుదురు. అది చూచి "వీనికి తెలుగు రాదు" అని నిశ్చయించి, పెద్దలు తెలుగు చదువే మాన్పించుట కలదు. ఇది తొందరపాటు తీర్పు. ఆ తప్పులను ఓపికతో పరిశీలించినచో, వానిలో పెక్కు అజ్ఞానమువలన గాక, బడిలో నేర్చుచున్న పొరుగుభాష వాక్యనియమమును తెలుగున వాడుటవలన పుట్టినవని తేలును. (యానాము బాలురకీ చిక్కు లేదు, వారి చుట్టును తెలుగే.)

క్రియను కర్తతో పొందించుటనే చూడుడు. తెలుగున ఏకవచనమందు స్త్రీవాచకము పశుపక్ష్యాదులతో చేరును: 'చెల్లెలు వచ్చింది', 'ఆవు వచ్చింది'. బహువచనమందు పురుషులతో చేరును: 'చెల్లెళ్ళు వచ్చారు', 'ఆవులు వచ్చాయి'. తమిళమున 'తంగై వందాళ్', కన్నడమున 'తంగి బందళు' అని స్త్రీకి వేరు రూపము కలదు. తమిళమున స్త్రీనిగూర్చి 'వందదు' అనుట అమర్యాద. కావున హోసూరు బాలిక 'వచ్చింది' అని వ్రాయుటకు జంకినచో వింత యేమి? ఒడియాలో 'సే ఆసిలా' అన్నచో వచ్చినవాడు పురుషుడో స్త్రీయో తెలియదు. బరంపురపు బాలుడు ఆ భేదమును తెలుగున క్రొత్తగా గుర్తుంచుకొనవలెను.

మరాఠీలో 'రామానే పోళీ ఖాల్లీ' అనునప్పుడు క్రియ రాముని గాక పోళీని అనుసరించును. 'ఇది నా పుస్తకం' అని మనము క్రియలేకయే ముగించుచోట మరాఠీకి 'ఆహే' కావలయును. షోలాపురపు పిల్లవాడు 'ఇది నా పుస్తకం ఉంది' అని వ్రాసినచో ఆ 'ఉంది' ఎచ్చటినుండి వచ్చినదో ఉపాధ్యాయుడు ఎరిగియుండవలెను. కన్నడమున 'నావు' ఒక్కటే. మనకు 'మనము', 'మేము' అని రెండు. బళ్ళారి మేనల్లుడు 'మనం రథోత్సవానికి పోయాం' అని వ్రాయగా, ఊరిలోని మామ తానెప్పుడు పోయెనా యని ఆలోచించును!

ఇట్టి పిల్లలకు వ్యాకరణసూత్రములు వల్లెవేయించుట వ్యర్థము. ముందు వారిచే చెప్పింపవలెను. చెప్పినదానిని చెప్పినట్లే నల్లబల్లపై వ్రాయవలెను. 'పొద్దున లేచాను. చెరువుకు పోయాను. కొంగను చూశాను.' ఈ మూటిని ఒకటిగా కూర్చుమన్నచో, 'పొద్దున లేచి, చెరువుకు పోయి, కొంగను చూశాను' అని వారే పలుకుదురు. నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయత్వము నెరపిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వాదించినది జీవద్భాష పక్షమే. నా వ్యాసము పాతశైలిలోనున్నను, పిల్లలచే ఇట్లు వ్రాయింపవలెనని నా అభిప్రాయము గాదు.

ఈ కూర్పునందొక మెలకువ కలదు. 'లేచి, పోయి' అను రూపములు కర్త ఒక్కడైనప్పుడే పొసగును. 'తమ్ముడు పిలిచి నేను పోయాను' అనరాదు. 'తమ్ముడు పిలిస్తే నేను పోయాను' అనవలెను. మరి 'వాన కురిసి చెరువు నిండింది' అనుటలేదా యని గడుసుపిల్లవాడు అడుగును. అచ్చట మొదటిపని రెండవదానికి కారణము గనుక చెల్లినదని చెప్పవలెను. అట్లే 'ఏ మామ నిన్న వచ్చాడో ఆ మామ పండ్లు తెచ్చాడు' అను ఒడియా, మరాఠీ ఫక్కిని 'నిన్న వచ్చిన మామ పండ్లు తెచ్చాడు' అని మార్పింపవలెను. వాక్యము చిన్నదగుట చూచి పిల్లలు సంతోషింతురు.

కాలము మాత్రము కొంచెమే చిక్కుచున్నది. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. తమిళనాట 2006 నాటి చట్టము ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా తమిళమును నిర్బంధపాఠ్యము గావించినది. అట్టి తావుల తెలుగునకు దొరకు ఆ కొద్ది గంటలను ఎర్రసిరాతో నింపరాదు. ఒకనాటికి ఒకేజాతి తప్పును దిద్దవలెను. తక్కినవానిని మరునాటికి విడువవలెను. వ్రాసినదానిని పిల్లవానిచేతనే బిగ్గరగా చదివించినచో సగము తప్పులు వాని చెవియే పట్టును. ఉపాధ్యాయుడు దిద్దిన ప్రతిని గాక, పిల్లవాడు తిరుగవ్రాసిన ప్రతినే అమ్మమ్మకు టపాలో వేయవలెను. ఆమె బదులు వ్రాసినచో దానిని తరగతిలో చదివింపవలెను.