చేతికి తెలిసిన వేగము

1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి చేర్చిన తపాలాను అందుకొని, నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు పస్ మాత్ అను చిన్న విమానమున దక్షిణమునకు సాగి, ఆ రాత్రి బళ్ళారిలో నిలిచి, మరునాడు మద్రాసు చేరెను. రంగస్థల నటుడు బళ్ళారి రాఘవుని నటనతో తెలుగువారికి చిరపరిచితమైన ఈ సరిహద్దు పట్టణము ఆకాశమార్గమునకును మజిలీ యైనదని నేడు తలచువారు అరుదగుట నాకు విచారము గొలుపును.

అటువంటి విమానములందు గాలివేగమును తెలుపు ముల్లునకు ఆధారము ఒక సన్నని గొట్టము. సెన్ నదీప్రవాహమును కొలుచుటకై 1732లో ఆన్రీ పితో కనిపెట్టిన సాధనమే దీనికి మూలము. దాని నోట కందిరీగ మట్టిగూడు పెట్టినను, కప్పిన తొడుగును తీయుట మరచినను ముల్లు చెప్పునది నమ్మరానిదగును. అప్పుడు గాలిలోనున్నవాడు దేనిని నమ్మవలెను?

చేతిని నమ్మవలెనని నా నిశ్చయము. ఇది సాహసికుల అతిశయోక్తి కాదు. తుంగభద్ర కాలువలో అరచేయి అడ్డుపెట్టినవానికి నీటి ఒరవడి తెలిసినట్లే, రెక్కల అంచుల పలకలను, తోక పలకలను ఒరసిపోవు గాలి ఒత్తిడి, ఆ పలకలను కదల్చు కర్ర యగు స్టిక్కు ద్వారా వైమానికుని వ్రేళ్ళకు తెలియును. ముల్లును త్రిప్పునదియు ఆ ఒత్తిడియే. వేగము సగమైనచో ఒత్తిడి నాల్గవ వంతునకు దిగును గనుక, వేగము క్షీణించినకొలది స్టిక్కు బిగువు వదలి, ఎంత కదల్చినను విమానము ఆలస్యముగా పలుకును; గాలిహోరు మందగించును; ముక్కు పైకి లేచియుండగనే ఆసనము క్రిందికి జారుచున్నట్లు తోచును. స్టాల్, అనగా రెక్కలు గాలిపై పట్టు కోల్పోవుట, సమీపించెననుటకు ఇవియే సూచనలు. తోచిన తక్షణమే ముక్కును వంచవలెను.

నమ్మరానిది నేలను చూచు కన్ను. బళ్ళారి సముద్రమట్టమునకు సుమారు 1,500 అడుగుల ఎత్తున నున్నది. 35 డిగ్రీల ఎండలో అచటి గాలి పలుచనై, రెక్కలకు అదే బలము కలుగుటకు విమానము సముద్రతీరపు చల్లనివేళ కంటె నూటికి ఆరు పాళ్ళు అధికముగా పరుగిడవలసి వచ్చును. వెనుకగాలి తోడైనచో నేల మరింత వడిగా జారును. అది చూచి, వేగము హెచ్చెనని భ్రమించి స్టిక్కును వెనుకకు లాగినవాడు, నిజమునకు చాలియుండిన వేగమును చేజేతుల పోగొట్టుకొనును. గుట్టలు అడ్డమై దిఙ్మండలరేఖ మరుగైనచోట ముక్కు ఎత్తును అంచనా వేయుటయు కష్టమే.

కావున ముల్లు చక్కగా నున్న దినములందే, దిగుటకు ఏ ఇంజను చుట్లకు, ముక్కు ఏ భంగిమలో నుండగా, ఏ వేగము వచ్చునో కుదురుగా నేర్చి యుండవలెను. ఆపద వచ్చిననాడు ఆ చుట్లనే, ఆ భంగిమనే నిలిపి, మలుపులను వెడల్పుగా, వాలు తక్కువగా త్రిప్పి, పొడవైన మైదానమునకు ఎదురుగాలిలో కొంచెము హెచ్చు వేగముతోనే రావలెను. హెచ్చిన వేగమునకు మైదానమున మరికొంత దూరము ఖర్చగును. పస్ మాత్ వైమానికుడైతే చక్రపు కాళ్ళ తొడుగులను అడ్డముగా త్రిప్పి గాలికి నిరోధము కల్పింపగలడు. నేల కొద్ది అడుగుల దూరమునకు వచ్చినపిమ్మట, ముల్లు పనిచేయుచున్నను దానిని చూచుటకు తీరికయుండదు. స్టిక్కును మెల్లమెల్లగా వెనుకకు తెచ్చుచు, చక్రములును తోకయు ఒక్కసారి నేలనంటునట్లు చేయుటయే అప్పటి పని.