జుట్టు మందు: డబ్బు మందుకా, పేరుకా?

జుట్టు రాలుతోందని రామతీర్థం నుంచి విజయనగరం వెళ్లి, చేతిలో ఉన్న డబ్బంతా పేరున్న మందుకే పోస్తున్న హాస్టల్ మిత్రుల కోసం మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బట్టతలకు ముఖ్యంగా వాడే మందులు రెండు: తలకు రాసే మినాక్సిడిల్, మగవారు మింగే ఫినాస్టరైడ్. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. అది వాడిన వారికి వెంట్రుకలు పెరగడంతో 1988లో అమెరికాలో రోగైన్ పేరుతో జుట్టు మందుగా వచ్చింది. ఫినాస్టరైడ్‌ను మెర్క్ కంపెనీ 1997లో ప్రొపీషియా పేరుతో తెచ్చింది.

పేటెంటు గడువు తీరాక అదే మందును ఇతర కంపెనీలు చేస్తే జనరిక్ అంటారు. అసలు మందు, మోతాదు ఒకటే. పేరు, రంగు, కలిపే ఇతర పదార్థాలు వేరు కావచ్చు. పరిశోధన, ప్రచారం ఖర్చు తక్కువ కనుక ధరా తక్కువే. మన దగ్గర పేరున్న సీసాలూ చాలావరకు జనరిక్‌లే. మింటాప్‌లో ఉన్నదీ మినాక్సిడిలే.

కాబట్టి కొనేటప్పుడు పెద్ద అక్షరాల పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, శాతం చూడండి. అయితే 18 ఏళ్లలోపు వారు ఇవి వాడరాదు. ఫినాస్టరైడ్ డాక్టరు చీటీ లేకుండా వద్దు. గర్భిణులు విరిగిన మాత్రను తాకనే కూడదు.

టైఫాయిడ్ వంటి జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు రాలే జుట్టు చాలామందికి దానంతటదే తిరిగి వస్తుంది. రక్తహీనత ఉంటే ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. అప్పుడు ఏ సీసా కొననక్కరలేకపోవచ్చు.