చిత్రపటమునుండి ఛాయాచిత్రమునకు

మైసూరు జగన్మోహన ప్రాసాదమందలి చిత్రశాలలో, రాజా రవివర్మ 1889 ప్రాంతమున రచించిన ‘గెలాక్సీ ఆఫ్ మ్యుజీషియన్స్’ అను తైలవర్ణచిత్రము కలదు. నానా ప్రాంతముల వేషములు ధరించిన 11 మంది స్త్రీలు అందొక్కచోట గూడియున్నారు. ఇట్టి పటములను సజీవ వ్యక్తులతో మరల నిలిపి ఛాయాచిత్రము తీయుట మన బెంగుళూరునకు క్రొత్తది కాదు. 2000–2004 సంవత్సరముల నడుమ పుష్పమాల ఎన్., క్లేర్ ఆర్నీ అను కళాకారిణులు రవివర్మ లక్ష్మిని, వెన్నెలలోని వనితను ఇట్లే రూపొందించిరి. పుష్పమాలగారు తామే ఆ వేషములు దాల్చిరి.

పై పటమును మన బాలికలతో తీయింపవలెనని మా కోరిక. చిత్రకారుడు ఒక్కొక్క ముఖమును ఒక్కొక్క దినమున వ్రాయగలడు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. అందరును ఒక్క క్షణమున కదలక నిలువవలెను; ముందువారి నీడ వెనుకవారి ముఖములపై పడరాదు. పిల్లలతో ఇది యెంతటి పనియో తల్లులకు మేము చెప్పవలెనా!

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. పటములోని స్త్రీలు ఏ ప్రాంతమువారో కట్టుబొట్టులను బట్టి యూహింతుము. మన పిల్లలు తెలుగువారని దేనిచే తెలియును? లంగా ఓణీలు కన్నడ బాలికలును ధరింతురు. భాష ఛాయాచిత్రమున కానరాదు. అద్దె వేషములు తగిలించినచో అది బొమ్మలకొలువగును గాని మన పిల్లల చిత్రము కాదు. కావున ఇంటనున్న బట్టలే చాలునని మా తలంపు. పటము క్రింద ప్రతి బాలికయు తన పేరును స్వహస్తముతో తెలుగున వ్రాయవలెను. ఇంకను అక్షరములు రానివారికి అమ్మమ్మయో నాయనమ్మయో ఈ నెలలోనే నేర్పవచ్చును.