నల్లరేగడి రోడ్డు కింద నెర్రెలు: ముందే గుర్తుపట్టడం ఎలా?

చేలో నెర్రె మనకు మేలే, తొలకరి వాన దాని గుండా లోపలికి దిగుతుంది. అదే నెర్రె రోడ్డు కిందకు పాకితే పంట బండి దిగబడుతుంది, ఒక్కోసారి బోల్తా పడుతుంది. అందుకే ఈ వీడియో.

2020 అక్టోబర్‌లో బోరబండలో భూమిలోంచి శబ్దాలు వస్తే ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు వచ్చి పరికరాలు పెట్టారు. అది రాతి లోపలి సంగతి. మనం చెప్పుకునేది తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి గురించి. ఇందులోని మాంట్‌మొరిలోనైట్ అనే బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. తారు కింద మధ్యలో తేమ నిలుస్తుంది, అంచులు మాత్రం ఎండిపోతాయి. ఆ తేడాకే పగులు పుడుతుంది.

ఎలా పట్టుకోవాలి?

1. దిక్కు చూడండి. పగులు రోడ్డు అంచు వెంబడి పొడవుగా ఉంటే మట్టిని అనుమానించాలి. చక్రాలు పోయేచోట మొసలి తోలులా ఉంటే అది ఎక్కువగా బరువు వల్ల వచ్చింది.

2. మే నెలలో పగులు రెండు చివర్లా రంగు గుర్తు పెట్టి, స్కేలుతో వెడల్పు కొలిచి తేదీ రాయండి. ఆగస్టులో మళ్లీ కొలవండి. సన్నబడితే కింద మట్టి ఉబ్బినట్టే.

3. మట్టి పరీక్ష. మట్టిని ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలజాడీల్లో వేయండి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్ పోసి, కలిపి గాలి బుడగలు పోగొట్టి, 24 గంటలు ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మి.లీ., నీళ్లలో 18 మి.లీ. ఉంటే ఉబ్బు 80 శాతం. 50 శాతం దాటిన మట్టిని రోడ్డు కట్టకు వాడకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధనలు చెప్తాయి.

తారు కింద కనపడని నెర్రెలకు ఇంజినీర్లు రాడార్, విద్యుత్ నిరోధక పద్ధతులు వాడతారు. తడి బంకమట్టిలో రాడార్ లోతుకు పోదు కాబట్టి ఎండాకాలమే నయం.

మన వంతు ఏంటి? గట్టు మీద చెట్లు పెట్టేటప్పుడు, చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో రోడ్డుకు కనీసం అంత దూరం వదలండి. వేర్లు తేమ లాగేస్తే అంచు ఇంకా ఎండుతుంది. నీటి గుంత, కాలువ రోడ్డు పక్కనే తవ్వొద్దు. సొంత బండ్ల బాటకు చేను మట్టి కాకుండా మొరం పోయండి. తారు రోడ్డైతే కొలతలు, ఫొటోలతో ఇంజినీరుకు వానలకు ముందే చెప్పండి, పగులులో నీళ్లు దిగితే కట్ట మెత్తబడుతుంది.

మీ ఊరి రోడ్డు పగులు ఏ దిక్కున ఉందో కామెంట్‌లో రాయండి.