మంచినీటి రొయ్య గుల్ల ఎందుకు విడుస్తుంది? దానిని ఎలా పోషించాలి?

అక్వేరియంలో పెంచే చెర్రీ రొయ్య తైవాన్, చైనా ప్రాంతాల మంచినీటి వాగులకు చెందిన రెండు మూడు సెంటీమీటర్ల జీవి. దాని ఒంటిపై ఉన్న గుల్ల సాగదు కనుక, ఎదగాలంటే అది పాత గుల్లను వదిలి, అడుగున సిద్ధమైన మెత్తని కొత్త గుల్లతో బయటికి రావాలి. దీనినే కుబుసం విడవడం అంటారు. గాజులా పారదర్శకంగా కనిపించే ఆ పాత గుల్లను చూసి రొయ్య చనిపోయిందని భ్రమపడి తీసివేయకూడదు, ఎందుకంటే అందులోని కాల్షియం కోసం రొయ్యలు దానిని తింటాయి.

ఇక రొయ్యను ఉంచే నీటి సంగతి. సరఫరా నీటిలో క్రిములను చంపేందుకు క్లోరిన్ కలుపుతారు కాబట్టి, ఆ నీటిని వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో ఒక రోజు తెరిచి ఉంచిన తరువాతే వాడాలి. రాగి పాత్ర పనికిరాదు: రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోసయానిన్ అనే పదార్థంలో రాగి ఉన్నప్పటికీ, నీటిలో కరిగిన రాగి కాస్త ఎక్కువైతే దానికి విషమే. వేసవిలో నీరు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది కనుక అక్వేరియాన్ని ఎండకు దూరంగా ఉంచి, గాలి పంపు నడపాలి.

ఆకులపై, రాళ్లపై బాక్టీరియా, నాచు కలిసి ఏర్పరిచే పలుచని జీవపొరే రొయ్యకు ముఖ్యాహారం. ముందుకాళ్ల చివరనున్న చిన్న పటకార్లతో అది దానిని గీరి తింటుంది. ఎండి రాలిన బాదం ఆకును కడిగి వేస్తే ఈ పొర బాగా పెరుగుతుంది. ఉడికించిన పాలకూర చిన్న ముక్క అప్పుడప్పుడు వేస్తే చాలు. మిగిలినది కొన్ని గంటల్లో తీయకపోతే కుళ్లి, విషమైన అమోనియాను విడుదల చేస్తుంది.

పెంచలేని రొయ్యలను పుదుచ్చేరి దగ్గరి ఊసుటేరి వంటి చెరువుల్లో వదలకండి. పరాయి జీవులు స్థానిక జీవులకు ముప్పు తేగలవు.