ఉష్ణోగ్రతకు రెండు కొలతలు: రైతు తెలిసికొనదగిన లెక్క

అనంతపురం మెట్ట ప్రాంతపు రైతునకు ఒకే దినమున రెండు రకముల డిగ్రీలతో పని పడుచున్నది. వేసవిలో ఉదయము వాతావరణ సూచన వినినచో "నేడు గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు" అని చెప్పుదురు. మధ్యాహ్నము మేత మానిన గొర్రెను పశువైద్యునకు చూపినచో ఆయన ఉష్ణమాపకము పెట్టి "106 డిగ్రీలున్నది, గట్టి జ్వరమే" అనును. మొదటిది సెంటిగ్రేడు, రెండవది ఫారన్‌హీటు. చూచుటకు ఈ అంకెలు ఎంతో దూరముగా నున్నను, ఆ మధ్యాహ్నపు గాలియు, ఆ గొర్రె ఒడలును దాదాపు ఒకే వేడిలో నున్నవి.

నోటిమాటలో రెండింటికిని "డిగ్రీలు" అనియే పేరు. చిక్కంతయు ఇక్కడనే కలదు. ఎండ సంగతిలో పొరపడినచో నష్టము లేదు గాని, పట్టుపురుగులను, కోడిపిల్లలను పెంచువారు పొరపడినచో పెట్టుబడికే మోసము వచ్చును.

ఫారన్‌హీటు అను శాస్త్రజ్ఞుడు 1724లో తన కొలతను ప్రకటించెను. మంచు, నీరు, నవాసారము కలిపిన మిశ్రమపు చల్లదనమును ఆయన సున్నగా గైకొనెను. ఈ కొలతలో మంచు 32 డిగ్రీల వద్ద కరగును, నీరు 212 వద్ద మరగును. స్వీడను దేశస్థుడగు సెల్సియస్ 1742లో నీటినే ఆధారముగా గొని 100 భాగములు చేసెను. చిత్రమేమనగా, ఆయన మరుగు నీటికి సున్న, మంచునకు 100 అని పెట్టెను! దానిని తలక్రిందులు చేసి నేటి రూపమునకు తెచ్చినది తరువాతివారు. సెంటిగ్రేడునకు 1948 నుండి సెల్సియస్ అనునదే అధికార నామము. మన దేశములో 1956 నాటి తూనికలు, కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చినది. వాతావరణ శాఖ లెక్కలు సెంటిగ్రేడులోనికి మారినవి. జ్వరము చూచు ఉష్ణమాపకములు మాత్రము నేటికిని చాలవరకు ఫారన్‌హీటులోనే యున్నవి. పాత జిల్లా గెజిటీర్లు, పాత కరపత్రములు చదువువారు కూడ ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

అణాలు పైసలైనప్పుడు, అంగుళములు మిల్లీమీటర్లైనప్పుడు ఇంత తికమక రాలేదు. ఏలననగా ఆ లెక్కలలో సున్న ఎప్పుడును సున్నయే. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతము సుమారు 553 మిల్లీమీటర్లు, దానిని 25.4 చే భాగించినచో అంగుళములలో 21.8 వచ్చును, అంతటితో సరి. వాన సున్న యనగా ఏ కొలతలోనైనను వాన లేదనియే అర్థము. ఉష్ణోగ్రతలో ఒక కొలత సున్న వేరు, రెండవదాని సున్న వేరు. అందుచేతనే 32 కలుపుట, తీసివేయుట అవసరమగుచున్నది. 40 డిగ్రీల ఎండ 20 డిగ్రీలకు రెండింతల వేడి యనుటయు ఇందుచేతనే తప్పు. అవే ఫారన్‌హీటులో 104, 68 అగును, రెండింతలు ఎక్కడ?

కాగితము లేకయే లెక్క కట్టు ఉపాయము కలదు. సెంటిగ్రేడును రెట్టింపు చేయుడు, అందులో పదవ వంతు తీసివేయుడు, 32 కలుపుడు. 40కి రెట్టింపు 80. పదవ వంతు 8 పోగా 72. దానికి 32 కలుపగా 104. తిరిగి వచ్చుటకు ముందుగా 32 తీసివేసి, మిగిలినదానిని 5 చే గుణించి 9 చే భాగించవలెను. 104లో 32 పోగా 72, దాని తొమ్మిదవ వంతు 8, అట్టివి అయిదు 40.

ఇంతవరకు బడిపిల్లలకును తెలిసినదే. ఎక్కువమంది తప్పుచున్నది మరియొక చోట. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణోగ్రతల మధ్య తేడా వేరు. తేడాను మార్చునప్పుడు 32తో పనియే లేదు. ఒక సెంటిగ్రేడు డిగ్రీ తేడా 1.8 ఫారన్‌హీటు డిగ్రీల తేడాకు సమానము, అంతే.

కోడిపిల్లల సంగతి చూడుడు. బ్రూడరులో మొదటి వారము 95 డిగ్రీలుంచి వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించవలెనని పూర్వమునుండి చెప్పుచున్న మాట. అది ఫారన్‌హీటు మాట. 95 అనగా 35 సెంటిగ్రేడు అని సరిగనే మార్చుకొని, "వారమునకు 5" అనుదానిని మార్చక యుంచినచో మూడవ వారమునకు 25 సెంటిగ్రేడు, అనగా 77 ఫారన్‌హీటు అగును. ఉండవలసినది 85. డిసెంబరు రాత్రులలో పిల్లలు చలికి ఒకదానిపై నొకటి ఎక్కి అడుగువి ఊపిరాడక చచ్చును. సెంటిగ్రేడులో వారమునకు తగ్గించవలసినది మూడు డిగ్రీలకు కొంచెము తక్కువ మాత్రమే.

పట్టుపురుగుల గదిలో ఇంతకంటె జాగ్రత్త కావలెను. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన హిందూపురం, మడకశిర ప్రాంతములలో ఈ పెంపకము ఎందరికో జీవనాధారము. చాకీ పురుగులకు 27, 28 సెంటిగ్రేడు డిగ్రీల వేడి, 85 శాతము తేమ కావలెను. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, 70 శాతము చాలును. తేమను చూచుటకు రెండు ఉష్ణమాపకములను ప్రక్కప్రక్కన వ్రేలాడదీసి ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టుదురు. రెండింటి తేడాను బట్టి పట్టికలో తేమ శాతము తెలియును. 25 డిగ్రీల వేడిలో 70 శాతము తేమ యున్నచో తేడా సెంటిగ్రేడులో సుమారు 4, ఫారన్‌హీటులో 7. ఫారన్‌హీటు ఉష్ణమాపకములను చూచి 7 తేడాను సెంటిగ్రేడు పట్టికలో వెదకినచో తేమ 50 శాతమే అని కనబడును. గది ఎండిపోయినదనుకొని నీరు చల్లుదురు, తడి గోనెలు కట్టుదురు. ఉన్న తేమ చాలక కాదు, చదివిన పట్టిక వేరగుటచే! అధికమైన తేమలో పురుగు సున్నపు ముక్కవలె బిగిసిపోవు బూజు తెగులు ప్రబలును. పట్టిక ఏ కొలతదో, ఉష్ణమాపకమును ఆ కొలతదే యుండవలెను.

వాతావరణ ప్రకటనలలోను ఈ తేడాలే వచ్చును. మైదాన ప్రాంతములో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 సెంటిగ్రేడునకు చేరి, సాధారణముకంటె 4.5 నుండి 6.4 డిగ్రీలు హెచ్చినచో వడగాలి యనియు, అంతకు మించినచో తీవ్రమైన వడగాలి యనియు వాతావరణ శాఖ పేర్కొనును. ఈ 4.5 ఫారన్‌హీటులో 8.1 అగునే గాని 40.1 కాదు. భూమి వేడెక్కుటను 1.5 డిగ్రీలకు మించనీయరాదని 2015లో పారిస్‌లో దేశములన్నియు చేసికొన్న సంకల్పము కూడ ఇట్టి తేడాయే, ఫారన్‌హీటులో 2.7. అంకె చిన్నదని తేలికగా తీసికొనరాదు. వేరుశనగ పూతదశలో 35 సెంటిగ్రేడు దాటిన వేడికి ఊడలు దిగుట తగ్గును గనుక, మన రైతునకు ఆ కొద్ది డిగ్రీలే పంట.

పశువుల విషయమున ఒక్క మాట. మనిషికి 98.6 ఫారన్‌హీటు (37 సెంటిగ్రేడు) సహజము. ఆవునకు సుమారు 101.5 (38.6), గొర్రెలు, మేకలకు 102, 103 (సుమారు 39) సహజమే. మనిషి లెక్క చూచి మందు పోయరాదు.

ఉష్ణమాపకముపై అక్షరము చెరిగిపోయి, అది ఏ కొలతదో తెలియనిచో గ్లాసులో నలుగగొట్టిన మంచుగడ్డ, కొద్ది నీరు కలిపి బుడ్డి మునుగునట్లు అయిదు నిముషములు ఉంచుడు. సున్న చూపినచో సెంటిగ్రేడు, 32 చూపినచో ఫారన్‌హీటు. 33 లేక 34 చూపినచో ఆ ఒకటి, రెండు డిగ్రీలు దాని దోషము, చదివినప్పుడెల్ల తీసివేసికొనవలెను. మరుగునీటితో పరీక్షింపరాదు. గది ఉష్ణమాపకము పగులును; అదియును గాక సముద్రమట్టమునకు 335 మీటర్ల ఎత్తున నున్న అనంతపురంలో నీరు 99 డిగ్రీలకే మరగును. జ్వరము చూచు ఉష్ణమాపకమునకు ఈ మంచు పరీక్ష పనికిరాదు, దాని అంకెలు అంత క్రిందికి ఉండవు. తేల్చుకొనిన పిమ్మట చిన్న కాగితముపై "సెం." అనియో "ఫా." అనియో వ్రాసి దానికి అంటింపుడు, పెంపకపు పుస్తకములో ప్రతి అంకె ప్రక్కనను అదే అక్షరము వ్రాయుడు.